కుక్కలకు మాటిమాటికి చెవి కారుట

పొలము కావలికి, గొఱ్ఱెల మంద కావలికి రైతులు పెంచుకొను కుక్కలకు తరచుగా వచ్చు జబ్బులలో చెవి కారుట యొకటి. ఇది ప్రాణము తీయునది కాదను తలంపుతో చాలమంది దీనిని లెక్కచేయరు. వాసన పుట్టినపుడు ఏదో యొక చుక్కల మందు వేయుదురు. పది దినములలో తగ్గును. నెల తిరుగకుండ మరల మొదలగును. ఇట్లు రెండు మూడేండ్లు గడచునప్పటికి ఆ చెవి పనికిరాకుండ పోవును. వేరుసెనగ చేలో రాత్రివేళ అడవిపంది అలికిడిని పసిగట్టవలసిన కుక్కకు వినికిడియే పోయినచో అది కావలి యెట్లు కాయగలదు? అంతకన్న ముఖ్యముగా, చెవిపోటుతో నున్న కుక్క తల నిమురబోయిన పిల్లవానిని కరచును.

ఈ జబ్బు తెలియుటకు ముందు చెవి నిర్మాణము తెలియవలెను. మనుష్యుని చెవి నాళము ఇంచుమించు తిన్నగా లోనికి పోవును. కుక్క చెవి అట్లు కాదు. బావిలోనికి దిగి అడుగున ప్రక్కకు సొరంగము త్రవ్వినట్లు, నాళము మొదట నిలువుగా క్రిందికి దిగి, పిదప మలుపు తిరిగి అడ్డముగా తలలోనికి పోవును. దాని కొసను కర్ణభేరి యుండును. కావున లోపల చేరిన తడి, గుబిలి, చీము సులభముగా బయటకు రాజాలవు. ఇటీవల పల్లెలలోనికి కూడ వచ్చిన లాబ్రడార్ వంటి వ్రేలాడు చెవుల కుక్కలలో ఆ బావికి మూత కూడ పెట్టినట్లుండును. ఐనను నిక్కిన చెవులు గల అల్సేషన్ కుక్కలకును ఈ జబ్బు వచ్చుచుండుట చూచినచో, చెవి ఆకారమొక్కటే కారణము కాదని తేలును.

చీము పుట్టించు సూక్ష్మజీవులను గూర్చి ఒక సంగతి గమనింపవలెను. మలసీజియా అను యీస్ట్, స్టాఫిలోకాకస్ అను బాక్టీరియా ఆరోగ్యముగా నున్న కుక్క చర్మము మీదను, చెవిలోను కొద్దిగా నుండనే యుండును. చర్మము వాచి, తడి నిలిచి, వానికి అనుకూలమైనపుడే అవి పెచ్చుపెరుగును. నీరు నిలిచిన చేలో వేరుకుళ్లు సోకినపుడు మురుగు తీయక మందు మాత్రము పోసిన రైతు గతియే, ఒట్టి చుక్కల మందును నమ్ముకొన్నవారికిని పట్టును. మందు సూక్ష్మజీవిని చంపును గాని, దానికి తావిచ్చిన కారణమును తీసివేయదు. మరల మరల వచ్చు చెవి జబ్బులో వెదకవలసినది ఆ కారణమును.

కుక్కపిల్లలలో ముఖ్య కారణము నల్లి. మిరపకు, ప్రత్తికి పట్టు నల్లిని రైతులెరుగుదురు. చెవిలో పట్టునది వేరొక జాతి. కాఫీపొడి వంటి నల్లని పొడిగుబిలి, విపరీతమైన దురద దీని గుర్తులు. ఇది ఒక కుక్కనుండి మరియొక కుక్కకు, పిల్లికి కూడ అంటుకొనును గనుక ఇంటనున్న వానికన్నిటికి ఒకేసారి వైద్యము చేయించవలెను. ఇచ్చట ఒక హెచ్చరిక. పశువులకు 50 కిలోల బరువునకు 1 మిల్లీలీటరు చొప్పున వేయు ఐవర్‌మెక్టిన్ సూదిమందును కుక్కకు కంటి అంచనాతో వేయరాదు. కోలీ జాతి కుక్కలకు, వాని సంకరములకు అది మెదడుపై విషముగా పనిచేయగలదు. ఇక పంటలపై చల్లు పురుగుమందును పిడుదుల కొఱకు కుక్క ఒంటికి పూయుట, చెవిలో పోయుట ఎంత మాత్రమును కూడదు.

ఒక్క చెవి మాత్రమే హఠాత్తుగా నొప్పి పుట్టి, కుక్క తల అటే వంచి విదిలించుచున్నచో గడ్డి ముల్లు దూరినదేమో యని అనుమానింపవలెను. బీళ్లలో పెరుగు కొన్ని గడ్డిజాతుల గింజలకు వాడియైన మొనయు, వెనుకకు తిరిగిన నూగును ఉండును. ఆ నూగువలన గింజ ముందుకే జరుగును గాని వెనుకకు రాదు. భూమిలో నాటుకొనుటకు ప్రకృతి దానికిచ్చిన ఆ సాధనమే చెవిలో దూరినపుడు కర్ణభేరిని సహితము చీల్చగలదు. దీనిని ఇంట పుల్లతో కెలుకక, పశువైద్యునిచేతనే తీయించవలెను.

ఎదిగిన కుక్కలో రెండు చెవులును ఏటేట కారుచున్నపుడు చాలవరకు అసలు కారణము ఎలర్జీ, అనగా శరీరమునకు పడని వస్తువు వలన పుట్టు దురద. ఇట్టి కుక్క పాదములు నాకుకొనుచు, పొట్ట, చంకలు గోకుకొనుచుండును. చెవి లోపలి చర్మము కూడ శరీర చర్మమే యని మరువరాదు. పడనిది దుమ్ము కావచ్చును, పుప్పొడి కావచ్చును, తిండియు కావచ్చును. తిండిని పరీక్షించుటకు, కుక్క యింతకుముందు ఎన్నడును తినని మాంసకృత్తుల ఆహారమొకటి ఎన్నుకొని, ఎనిమిది వారములు దానినే పెట్టవలెను. పిదప పాత తిండి పెట్టినపుడు రెండు వారములలో దురద తిరిగివచ్చినచో కారణము దొరకినట్లే. వీధులు తిరిగి తినివచ్చు కుక్కకు ఈ పరీక్ష వ్యర్థము. ఆ రెండు నెలలు కట్టివేయగలవారే దీనికి పూనుకొనవలెను. థైరాయిడ్ గ్రంథి మందగించుట వంటి లోపములును ఒక్కొక్కప్పుడు కారణమగును.

వైద్యమునకు తీసికొనిపోయినపుడు, చెవిలోని మాలిన్యమును గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినిలో చూడవలసినదిగా కోరుడు. కొద్ది నిమిషముల పని. అందున్నది నల్లియో, యీస్టో, బాక్టీరియాయో తెలియును. మూడింటికి మందులు వేరు. కర్ణభేరి చెదరనిదో కాదో చూచిన పిదపనే చుక్కలు వేయవలెను. మందుల దుకాణములో దొరకు జెంటామైసిన్ చుక్కలు చిల్లిపడిన కర్ణభేరి గుండ లోనికి పోయినచో వినికిడినే చెరుపవచ్చును.

చెవి శుభ్రపరచుట కొక పద్ధతి యున్నది. వైద్యుడు చెప్పిన ద్రావకమును నాళము నిండునట్లు పోసి, చెవి మొదట వ్రేళ్లతో అర నిమిషము మర్దించి, కుక్కను తల విదిలించుకొననిచ్చి, పైకి వచ్చిన మురికిని మాత్రము దూదితో తుడువవలెను. పుల్లకు చుట్టిన దూది మురికిని మలుపు దగ్గరకు నెట్టును. తరువాత పావుగంట తాళి చుక్కలు వేయవలెను. వేడిచేసిన నూనె, కిరసనాయిలు, ఫినాయిలు, స్పిరిటు చెవిలో పోయరాదు. ఇవి పుండైన చర్మమును మరింత వాచునట్లు చేయును. పుండుమీద ఈగ వ్రాలి పురుగులు పడినచో అది ఆనాడే ఆసుపత్రికి పోవలసిన పరిస్థితి.

వాసన పోయిన నాలుగవ దినముననే మందు మానివేయుట వలన కలుగు కీడు చాల పెద్దది. మిగిలిన సూక్ష్మజీవులలో మందుకు లొంగనివే పెరుగును. సూడోమోనాస్ అను బాక్టీరియా చేరినచో, పచ్చని చీము, దుర్వాసన, తీవ్రమైన నొప్పి కలిగి, సామాన్యమైన మందులకు లొంగదు. పాత జబ్బుకు వారముల తరబడి మందు కావలసివచ్చును. మానవలసిన దినమును వైద్యుడు మరల పరీక్షించి నిర్ణయింపవలెను.

చాలకాలము సాగిన చెవిలో చర్మము దళసరియై నాళము మూసికొనును. మృదులాస్థి యెముకవలె గట్టిపడును. వ్యాధి కర్ణభేరి దాటి మధ్య చెవికి పాకును. కుక్క తల ఒక ప్రక్కకు వంగియుండుట, తూలిపడుట అప్పటి చిహ్నములు. విదిలించుట వలన చెవి దొప్పలో రక్తము చేరి బుడ్డవలె ఉబ్బుటయు కద్దు. నాళము మూసికొనిన పిదప మందు లోనికి పోవు దారి లేదు గనుక, నాళమును పూర్తిగా తొలగించు శస్త్రచికిత్సయే మిగులును. దానితో ఆ చెవికి వినికిడి చాలవరకు పోవును గాని, బాధ తీరి కుక్క సుఖముగా తిని నిద్రించును.

చెవి ముట్టనీయని కుక్కకు ముందుగా మూతికి గుడ్డకట్టు వేసి పని మొదలిడవలెను. కుక్క స్వభావము అకస్మాత్తుగా మారినచో చెవిపోటేనని తీర్మానింపక, రేబిస్ అనుమానముతో దూరముగా నుంచి వైద్యునికి తెలుపవలెను. కరచినచో గాయమును సబ్బుతో, ధారగా పారు నీటితో 15 నిమిషములు కడిగి, ఆనాడే టీకా కొఱకు ఆసుపత్రికి పోవలెను. కాలువలలో, చేపల చెరువులలో ఈదు కుక్కల చెవులను ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచి, వారమునకొకసారి వాసన చూచుచుండవలెను.