ఉన్ని కంకణం

గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్న చందం అని మనవాళ్ళకొక సామెత ఉంది. సామెత నిలిచింది గాని ఇళ్ళల్లో గొంగడి నిలవలేదు. కర్నూలు జిల్లా పడమటి వైపున, ఆలూరు, ఆస్పరి, పత్తికొండ, ఆదోని చుట్టుపట్ల పల్లెల్లో మాత్రం అది ఇంకా అక్కడక్కడ కనబడుతుంది. భుజాన నల్లగొంగడి, చేత కట్టె, ముందు మంద, పక్కన కుక్క. ఆ వచ్చేది కురువవారని ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ నలుపు రంగులో ముంచి తీసిన నలుపు కాదు. గొర్రెది. తల్లి కడుపునుంచి నల్లగా పుట్టి, వయసుతోపాటు కొంచెం గోధుమవన్నెకో బూడిదవన్నెకో తిరిగే ఉన్నిగొర్రె అది. పశుజాతుల పట్టీ వ్రాసి ఉంచే కర్నాల్ జాతీయ సంస్థ వారు దీనిని ‘దక్కనీ’ అంటారు. మహారాష్ట్ర మెరకల నుంచి కర్ణాటక, తెలంగాణల మీదుగా మన కర్నూలు రేగళ్ళదాకా దీని రాజ్యం. చూపుకు గొప్ప అందగత్తె కాదు. మనిషి పొట్టి, బొచ్చు ముతక. పొట్టేలుకు మెలితిరిగిన కొమ్ములుంటాయి, ఆడదానికి ఉండవు. అయితే ఎండిన గడ్డి కొరికి, దొరికిన నీళ్ళు తాగి, రోజూ కోసుల కొద్దీ నడవమంటే కాదనదు. వానలో తడిసి, చలిలో ఆరి, తెల్లవారి మళ్ళీ నడకకు లేస్తుంది.

నడకే కురువల బ్రతుకు. పడమట మేత తరిగిపోగానే మందలు తూర్పుకు తిరుగుతాయి. వంటసామాను, గొంగళ్ళు, వల, నడవలేని పసిపిల్లలు (గొర్రెపిల్లలనే చెబుతున్నాను) అన్నీ గాడిదల మీద. చేరవలసిన చోటు కర్నూలు - కడప కాలువ కింది మాగాణి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు పట్టుకుని నంద్యాల సీమ దాటి కడపదాకా పోయే ఈ కాలువను పందొమ్మిదో శతాబ్దిలో ఒక ఇంగ్లీషు కంపెనీ త్రవ్వించింది. పంటలకు నీరమ్మవచ్చు, పడవలూ నడపవచ్చునని వారి ఆశ. లాభం పండలేదు, 1882లో ప్రభుత్వమే దానిని కొనివేసింది. కంపెనీకి దక్కని లాభం గొర్రెలకు దక్కింది. వరి కోసిన పొలాల్లో పచ్చిక ఉంటుంది, కాలువలో నీరుంటుంది, రాత్రి మంద ఆపించుకునేందుకు రైతు ఎదురుచూస్తూ ఉంటాడు. ఒక్క రాత్రి మంద పడుకున్న చెక్క మరుసటి పంటకు చెప్పకనే చెబుతుంది. అందుకు రైతు డబ్బో ధాన్యమో ఇస్తాడు. యూరియా బస్తాలు వచ్చిన తరువాత కూడా ఈ బేరం పోలేదు.

చాగలమర్రికి ఇవతల అట్లాంటి ఒక మందను చూచాను. నల్లటి మందను చూడబోతున్నాననుకుని పోతే, నా కంటికి ముందు కనబడింది ఎరుపు. పొడుగు కాళ్ళు, వేలాడే చెవులు, ఒంటిమీద ఉన్ని లేని నున్నటి గొర్రెలు. నల్లవి వాటి నడుమ అక్కడొకటి ఇక్కడొకటి.

“ఈ ఎర్రవి ఎవరివి తాతా?” అన్నాను.

“అన్నీ మావే సామీ. సంతలో ఎర్రదానికి దుడ్లు. బొచ్చు గొర్రె తోలకపోతే బేరగాడు మొగమన్నా సూడడు. వాని తప్పేముండాది? తినేటోడు అట్లా అడగబట్టె.”

“మరి ఈ నల్లవాటిని ఎందుకుంచుకున్నారు?”

ముసలాయన నన్ను కొత్తవానివలె చూచాడు. “ఇంట్లో పెండ్లి ఉండాది గదా సామీ!”

గొర్రెకూ పెళ్ళికీ ఏమి పొత్తు అంటే, దానికి వెనుక పెద్ద కథే ఉంది. కురువల్లో పూర్వంనుంచీ రెండు తెగలు: పత్తి కంకణంవారు, ఉన్ని కంకణంవారు. పెళ్ళినాడు వధూవరుల మణికట్టుకు ఒకరు నూలుదారం కడితే మరొకరు ఉన్నిదారం కడతారు. తెగ పేరే ఆ దారం. 1909లో ఏడు సంపుటాలుగా దక్షిణ దేశపు కులాల వివరాలు అచ్చువేసిన ఎడ్గార్ థర్‌స్టన్ కూడా ఈ భేదాన్ని వ్రాసిపెట్టాడు. అంగడిలో నల్లదారం దొరకదా అంటే బండెడు దొరుకుతుంది. కాని అది ఉన్ని కాదు. మిల్లు దారం కట్టి ఉన్ని కంకణమని ఎవరిని నమ్మించాలి?

దారంతో సరిపోదు. శుభకార్యంలో నల్లగొంగడిని మడతవేసి పరిచి, పైన పసుపు భండారం పోస్తే అదే దేవుని గద్దె. దానికి చెప్పుకాలు తగలకూడదు. కర్నూలు సీమలో గొరవయ్యలను చూచినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు: తలపై ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, ఒంటిపై నల్లకంబళి అంగీ, ఒక చేత డమరుకం, మరొక చేత పిల్లనగ్రోవి. దసరా రాత్రి కర్రల సమరానికి పేరుపడిన హొళగుంద దగ్గరి దేవరగట్టు కొండకు కూడా మాళమల్లేశ్వరుని కొలవడానికి వారు వస్తారు. ఆ గొర్రె లేకపోతే ఆ అంగీ లేదు.

అసలు గొర్రెలు ఎట్లా పుట్టాయని ముసలాయనను అడిగితే, పుట్టలోంచి అన్నాడు. కాపుల ఇంట కడగొట్టు కొడుకు సేద్యానికి పోయి పుట్టను కదిలించాడట. జలజలా గొర్రెలు వెలికి వచ్చాయి. ఎన్నడూ చూడని ఆ మృగాలను చూచి వాడు పరుగు లంకించుకున్నాడు. శివుడు నవ్వి, భయమెందుకురా, మేపుకుని బ్రతుకు అన్నాడట. అవి ఏ రంగువని అడిగాను. “నల్లవే! పుట్టలోంచి ఎర్రయి వస్తాయా?” అన్నాడు.

ఇక గొంగడి పుట్టుక చూడండి. ఏటికి రెండు కత్తిరింపులు. గొర్రెలను ముందు చెరువులోనో కాలువలోనో కడిగి, నేలమీద పడవేసి, కత్తెరతో తీస్తారు. ఏడాది పొడుగునా ఒక గొర్రె ఇచ్చేది అర కిలో, ఆపైన కొంచెం. ఆ ఉన్నిని విప్పి, ఏకి, వడికేది ఆడవాళ్ళు. వాకిట కూర్చుని మాట్లాడుతూనే రాట్నం తిప్పుతారు. పడుగును ఆరుబయట బారుగా సాచి, ఉడికించి నూరిన చింతగింజల గంజి కుంచెతో పట్టిస్తారు. ఆరిన తరువాత గుంట మగ్గం మీద మగవాడు నేస్తాడు. కొత్త గొంగడి గరుకు సంగతి చెప్పలేము, కప్పుకున్నవాడికే తెలుస్తుంది. అయితే ఉన్నికి ఒక గుణముంది. తన బరువులో సుమారు మూడోవంతు తేమ పీల్చుకుని కూడా ఒంటికి చెమ్మ తగలనీయదు. వానలో తలమీదుగా ముసుగు వేసుకుంటే గొడుగు, రాత్రి పరుపు, తెల్లవారుజామున దుప్పటి. చేనిగట్టున పడుకునేవాడికి ఇంతకంటె ఇల్లేమి కావాలి?

దానిని దెబ్బతీసింది ఒక్కటి కాదు. పానిపట్టు మిల్లుల్లో పాతబట్టలను చీల్చి మళ్ళీ నేసే కంబళ్ళు మెత్తగా, చవకగా వచ్చాయి. ముతక ఉన్నిని అడిగేవాడు తగ్గి, కత్తిరింపు కూలి కూడా గిట్టనప్పుడు బొచ్చు గట్లమీదే పారవేయడం మొదలైంది. అదే కాలంలో మాంసం ధర పెరిగింది. నెల్లూరు గొర్రె మన దేశపు గొర్రెలన్నిటిలోకి పొడగరి. పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు. మూడింటికీ ఉన్ని లేదు, బరువు తొందరగా తూగుతుంది. కాపరి నెల్లూరు పొట్టేలును మందలోకి తోలాడు. రెండు మూడు ఈతలు తిరిగేసరికి మందలో బొచ్చు పలచబడింది. దీనికి కాపరిని నిందించేవారితో నేను ఏకీభవించను. బిడ్డ చదువు ఫీజు ఉన్నితో చెల్లదు.

మహారాష్ట్రలో ధన్‌గర్లని ఉన్నారు. మన కురువల వంటివారే, అదే దక్కనీ గొర్రెను మేపేవారే. వారి సామాను మోసేది గాడిద కాదు, భీమా నది లోయ పేరు పెట్టుకున్న భీంథడి గుర్రం. మరాఠా రౌతులను మోసిన పొట్టి గుర్రమది. రాజ్యాలు పోయినా, గుర్రపుదళాలు పోయినా, ఈ కాపరులు విడవలేదు గనుక ఆ జాతి మిగిలింది. దానికి వేరే జాతిగా గుర్తింపు దొరికింది ఈ మధ్యనే. మల్లన్న దేవుని వాహనం కూడా గుర్రమే గదా, ఆయన చూచుకున్నాడేమో! గుర్రానికి మోత ఉంది, అందుకని నిలిచింది. మన నల్లగొర్రెకు ఇక మిగిలిన పని ఏమిటంటే పెళ్ళి, దేవుడు. ఈ రెంటికీ ఉన్ని చాలా కొంచెం చాలు. ఆ కొంచెం కోసం మంద నిలుస్తుందా అన్నదే నా సందేహం.

ఆ మాటే ముసలాయనతో అంటే, లేచి మందలోకి పోయి, ఒక నల్ల పొట్టేలును కొమ్ము పట్టుకుని తెచ్చాడు. చుట్టుపక్కల మూడు మందలకు ఇదొక్కటే నట. అడిగినవారికి ఇచ్చి మళ్ళీ తెచ్చుకుంటాడు, దానికి బాడుగ లేదు. మూతి విప్పి చూపాడు. ఎనిమిది పళ్ళూ వచ్చేశాయి.

“దీని పిల్లలు లేవా?”

“రెండు మగ పిల్లలు ఉండాయి సామీ. ఒగదానికి నొసట ఎర్ర మచ్చ పడె. రెండోది సూడల్ల, బొచ్చు ఎట్లొస్తాదో.”

ఆ రెండోదానిని చూపించమన్నాను. పాలకోసం తల్లి పొదుగును గుద్దుతూ ఉంది. ముసలాయన దాని వీపుమీద వెంట్రుకల్లోకి వేళ్ళు జొనిపి, వ్రేలికొనలతో చాలాసేపు తడిమి చూచుకున్నాడు.