ఒకే జాబితాలో పలురకముల సమాచారము - సెల్‌ఫోను చూపు తీరు

వ్యవసాయ యాప్ తెరచినచో వాన కబురు, మార్కెట్టు ధర, తెగులు హెచ్చరిక, మందుల దుకాణపు ప్రకటన ఒకే జాబితాలో ఒకదాని క్రింద నొకటి వచ్చుట చూచుచున్నాము. వ్రేలితో నెట్టినకొలది జాబితా పైకి జరుగును. ఇది ఎట్లు నడచునో కొంత తెలిసియున్నచో రైతులు పొరపడకుండుటకును, యాప్‌లను పరీక్షించు గ్రామోద్యోగులు లోపమును పట్టుకొనుటకును వీలగును.

200 అంశములకు ఫోను 200 వరుసలు తయారుచేయునని అనేకులు తలచెదరు. అట్లు చేసినచో మెమరీ నిండి జాబితా మొరాయించును. తెరమీద ఒక్కసారికి 5, 6 వరుసలే కనబడును గదా! కావున అంతకు కొద్దిగా ఎక్కువ చట్రములు మాత్రమే చేసి, పైన కనుమరుగైన చట్రమును తెచ్చి, క్రొత్త సమాచారముతో నింపి క్రింద పెట్టును. ఆండ్రాయిడ్ ఫోనులకు గూగుల్ వారు 2014లో తెచ్చిన రీసైక్లర్ వ్యూ అను సాధనము చేయు పని ఇదియే. ఐఫోనులో పేరు వేరు, పద్ధతి ఒక్కటే.

నారు పెంచు ప్రోట్రేలు మన రైతులకు తెలిసినవే. టమాట, మిరప నారుకు 98 గుంతల ట్రేలు, పుచ్చ వంటి తీగజాతులకు 50 గుంతల ట్రేలు సాధారణముగా వాడుదురు. నారు పొలమునకు పోగానే అదే ట్రేను మరల నింపెదము. ఖాళీగా నున్నది గదా యని 98 గుంతల ట్రేలో పుచ్చ గింజలు పెట్టము. కడుగని ట్రేలో పాత నారుకుళ్ళు తెగులు క్రొత్త నారుకు అంటుకొనును. ఫోనులోని చట్రములకు ఈ రెండు నియమములును వర్తించును.

మొదటిది రకము. వాన కబురుకు మబ్బు బొమ్మ కావలెను. ధరకు యార్డు పేరు, తేదీ, క్వింటాలు ధర కావలెను. హెచ్చరికకు ఫోటోయు, నాలుగు వాక్యములకు చోటును కావలెను. అందుచేత యాప్ తయారుచేయువారు రకమునకొక చట్రము గీసి 0, 1, 2 అని అంకెలు వేయుదురు. దీనికే వ్యూ టైప్ అని పేరు. ఒక అంశము తెరమీదికి రాబోవునపుడు ఇది ఏ రకమని ఫోను ముందుగా విచారించును. ఆ అంకె గల ఖాళీ చట్రమున్నచో దానినే వాడును, లేనిచో క్రొత్తది చేయును. మామూలుగా రకమునకు 5 ఖాళీ చట్రముల వరకే నిలువయుంచును. కొందరు అన్ని భాగములు ఇమిడిన ఒకే పెద్ద చట్రము చేసి, అక్కరలేని భాగములను దాచుచుందురు. రెండు రకములకు అది సాగునేమో గాని, తక్కువ ధర ఫోనులకు బరువు; దాచుట మరచిన భాగము ఎచ్చటనో బయటపడును.

రెండవది కడుగుట. రైతుకు నష్టము కలుగునది ఇచ్చటనే. మిరపలో తామర పురుగు వలన ఆకులు పైకి ముడుచుకొనును, నల్లి వలన క్రిందికి ముడుచుకొనును. ఈ రెండు హెచ్చరికలును ఒకే రకపు చట్రములో వచ్చును. అక్షరములు ముందే నిండును, ఫోటో ఆలస్యముగా దిగును. చట్రములోని పాత ఫోటోను తుడువనిచో నల్లిని గూర్చిన వ్రాత ప్రక్కన పైముడత ఫోటో కొంతసేపు నిలిచియుండును. సిగ్నలు సరిగా లేని ఊళ్లలో ఆ కొంతసేపు చాలసేపగును. తన చేలోని పైముడతను ఆ ఫోటోతో పోల్చుకొన్న రైతు ప్రక్కనున్న వ్రాతను నమ్మి నల్లి మందు కొట్టును. నల్లిని మాత్రమే చంపు మందు తామర పురుగును చంపదు. డబ్బు పోవును, ఈలోగా పురుగు పెరుగును.

కావున రైతు సోదరులు జాబితా జరుగుచుండగా ఫోటో చూచి నిర్ణయించరాదు. ఆ అంశమును నొక్కి విడిగా తెరచి, పైరు పేరు, పురుగు పేరు, తేదీ చదివి, ఆకును చేత పట్టుకొని పోల్చవలెను. వ్రాతకు ఫోటో కుదరనిచో మందు కొనక, వ్యవసాయ విస్తరణాధికారికి ఆకును చూపవలెను.

గ్రామోద్యోగులు మొదటి తెర చూచి యాప్ బాగున్నదని వ్రాయరాదు. అచ్చట చట్రములన్నియు క్రొత్తవే గనుక లోపము కనబడదు. కనీసము 100 అంశములున్న జాబితాను వేగముగా క్రిందికి పోనిచ్చి మరల పైకి తెచ్చి, అత్యవసర హెచ్చరిక ఎర్రరంగు మామూలు హెచ్చరికకు అంటుకొన్నదేమో, ఒకదాని ఫోటో వేరొకదాని ప్రక్కన నిలిచినదేమో చూడవలెను. సిగ్నలు తక్కువగా నున్నచోట మరియొకసారి చూడవలెను. దుకాణపు ప్రకటనకు తెగులు హెచ్చరిక చట్రమునే వాడినచో, ఆ యాప్‌ను తయారుచేసినవారికి తిప్పి పంపి, ప్రకటనకు వేరు చట్రము, వేరు రంగు అడుగవలెను.