ఈదని జెల్లీ ఫిష్‌లూ ఉన్నాయి.. నాచునే ఇల్లు చేసుకుంటాయి! మరి కోనసీమ తీరంలో?

అంతర్వేది, ఓడలరేవు, ఎస్.యానం బీచ్‌లలో అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద గాజు ముద్దలా ఏదైనా మెరిస్తే అది జెల్లీ ఫిష్ కావచ్చు. దాని ఒంట్లో 95 శాతం దాకా నీరే. మెదడు లేదు, గుండె లేదు, ఎముక లేదు. గొడుగులా ముడుచుకుంటూ, తెరుచుకుంటూ నీళ్లలో పోవడమే దాని పని అనుకుంటాం. కానీ అసలు ఈదని రకం కూడా ఉంది.

వాటిని స్టారోమెడ్యూసా అంటారు. దాదాపు 50 జాతులున్నాయి. చాలావరకు చల్లటి సముద్రాల్లోనే ఉంటాయి. సైజు కొన్ని సెంటీమీటర్లే. తలకిందులుగా పెట్టిన గొడుగుకి కాడ ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ కాడ చివర జిగురుతో నాచుకు అతుక్కుని, దగ్గరకొచ్చిన చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవుల్ని పట్టి తింటాయి. రంగు కూడా నాచు రంగే. పక్కనే ఉన్నా కనిపెట్టడం కష్టం! చాలా జాతులు ఎండాకాలంలో బాగా కనిపించి, చలికాలానికి మాయమవుతాయి. నాచు పోతే వాటి ఇల్లూ పోయినట్టే.

మరి మన దగ్గర? నాచు పెరగాలంటే పట్టుకోడానికి రాయి కావాలి, నీళ్లలోకి వెలుతురు దిగాలి. విశాఖ, భీమిలి వైపు రాళ్లున్నాయి కాబట్టి అక్కడ నాచు బాగా కనిపిస్తుంది. కోనసీమది ఇసుక, ఒండ్రు తీరం. పైగా జులై నుంచి సెప్టెంబర్ దాకా గోదావరి వరద ఎర్రనీళ్లు కడలిలో కలుస్తాయి. అందుకే ఇక్కడ కనిపించేవి ఈదే రకాలే. అయితే వాటికీ చిన్నప్పుడు పట్టు కావాలి. పాలిప్ అనే దశలో గుల్లలు, రాళ్లు, జెట్టీ స్తంభాల్లాంటి గట్టి వాటికి అతుక్కుని ఉంటాయి. పరిస్థితి అనుకూలించగానే ఒక్కో పాలిప్ నుంచి పిల్లలు పళ్లేల్లా విడిపోతాయి. ఒక్కసారిగా గుంపులు రావడానికి ఇదో కారణం. వలలో పడితే జాలర్లకు చేప తక్కువ, బరువు ఎక్కువ. ఆలివ్ రిడ్లే తాబేళ్లకు మాత్రం ఇవి మంచి మేత.

మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్లి సముద్ర స్నానం చేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఒడ్డున చచ్చి పడి ఉన్నా జెల్లీ ఫిష్ కుడుతుంది. పిల్లల్ని ముట్టుకోనివ్వొద్దు. కుడితే ఇసుకతో రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న పోగుల్ని పట్టకారుతో తీయాలి. తర్వాత ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో 20 నిమిషాలకు పైగా ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.