నిత్యం తిరిగే కారుకు ఇంజన్ ట్యూనింగ్: ఎంపికలో వివేకం అవసరం

సరిహద్దు గ్రామాలలో కారు నేడు విలాస వస్తువు కాదు. పెళ్లిళ్లకూ, మార్కెట్టుకూ, రాత్రివేళ పక్క రాష్ట్రంలోని ఆసుపత్రికీ కుటుంబమంతా ఆధారపడే వాహనం చాలా ఇళ్లలో అదొక్కటే. అటువంటి కారుకు కొత్త ఎయిర్ ఫిల్టరు, వెడల్పు టైర్లు వేయించిన యువకులు తరువాతి మెట్టుగా ఇంజన్‌ను ట్యూన్ చేయించాలని ఉబలాటపడుతుంటారు. బెంగళూరు, చెన్నై, కోయంబత్తూరు వంటి నగరాలలో ఈ పని చేసే నిపుణులున్నారు. అయితే ఏ ట్యూన్ తగినది, అసలు అది అవసరమా అన్న విషయాన్ని డబ్బు చెల్లించడానికి ముందే తెలుసుకోవాలి.

ట్యూనింగ్ అంటే ఏమిటి?

ఒకప్పుడు ట్యూనింగ్ అంటే కార్బురేటర్ స్క్రూ తిప్పి, పాయింట్ల గ్యాప్ సరిచేయడమే. ఇప్పటి కార్లలో ఈ పనిని ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ నిర్వహిస్తుంది. ఇంధనాన్ని ఎంత, ఏ క్షణాన, ఎంత ఒత్తిడితో చిమ్మాలి, టర్బో ఎంత గాలిని నెట్టాలి అన్న లెక్కలన్నీ అందులో పట్టికలుగా ఉంటాయి. ఆ పట్టికలను మార్చడమే రీమ్యాప్.

ఒకే కారు ఎడారి ఎండలోనూ, కొండల మీదా, నాసిరకం ఇంధనంతోనూ, సర్వీసింగ్ ఆలస్యమైనా నడవాలి కనుక తయారీదారులు కొంత శక్తిని అట్టిపెట్టి ఉంచుతారు. ట్యూన్ చేసేవారు కొత్తగా శక్తిని సృష్టించరు. అట్టిపెట్టిన ఆ భాగాన్నే ఖర్చు పెడతారు.

ఏ ఇంజన్‌కు ఎంత లాభం?

టర్బో లేని పెట్రోల్ ఇంజన్ పీల్చే గాలి పెద్దగా పెరగదు. అందువల్ల రీమ్యాప్‌తో కలిగే లాభం స్వల్పమే. ఆ సొమ్ముతో మంచి టైర్లు, బ్రేకులు వేయించుకోవడం మేలు. టర్బో డీజిల్ సంగతి వేరు. 1.3 లీటర్ల డీజిల్ స్విఫ్ట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. మారుతి సంస్థ 2020లో డీజిల్ కార్లను నిలిపివేసినా, సెకండ్ హ్యాండ్‌లో ఇవి నేటికీ తిరుగుతున్నాయి. దీని ఇంజన్ శక్తి 75 అశ్వశక్తి, టార్క్ 190 న్యూటన్ మీటర్లు. టార్క్‌ను ఐదో వంతు పెంచితే 228 అవుతుంది. పికప్‌లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. అయితే క్లచ్ మాత్రం పాతదే. గేర్‌బాక్స్ కూడా పాత టార్క్‌కు తయారైనదే.

మూడు మార్గాలు

మొదటిది ట్యూనింగ్ బాక్స్. ఇది సెన్సర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య కూర్చుని, సెన్సర్ రీడింగ్‌ను తక్కువగా చూపించి ఇంధనాన్ని ఎక్కువగా చిమ్మిస్తుంది. తీసివేయడం సులభమే, కాని నియంత్రణ మోటుగా ఉంటుంది.

రెండవది 'స్టేజ్ 1' పేరుతో ఇచ్చే సిద్ధమైన ఫైలు. అదే మోడల్ కార్లన్నింటికీ ఒకే ఫైలు వేస్తారు. మీ కారు ఇంజెక్టర్ల స్థితి, టర్బో వయసు ఆ ఫైలుకు తెలియవు. పరాయి దేశపు పెట్రోల్‌కు తయారైన ఫైలైతే మరింత ప్రమాదం. మన బంకులలో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వస్తున్నది. ఇథనాల్ పాలు పెరిగితే అంతే గాలికి ఎక్కువ ఇంధనం చిమ్మవలసి ఉంటుంది.

మూడవది మీ కారును డైనోపై నడిపి, రీడింగులు చూస్తూ ప్రత్యేకంగా చేసే ట్యూన్. ఖర్చు ఎక్కువైనా, నిత్యం తిరిగే కారుకు తగినది ఇదే.

మన దారులు, మన బరువులు

సాలూరు నుంచి కోరాపుట్ వైపు ఘాట్‌లోనో, చిత్తూరు–పలమనేరు మధ్య మొగిలి ఘాట్‌లోనో ఐదుగురితో, సామానుతో ఎక్కే కారుకు గరిష్ఠ శక్తి అంకె కంటే నిలకడ ముఖ్యం. డీజిల్ ఇంజన్‌లో గాలికి మించి ఇంధనం చిమ్మితే నల్లపొగ వస్తుంది. పొగ గొట్టంలో వేడి పెరిగి టర్బో దెబ్బతింటుంది. తక్కువ వేగంలోనే టార్క్ హఠాత్తుగా పెరిగితే అరిగిన క్లచ్ జారుతుంది. అర్ధరాత్రి ఘాట్‌లో రోగితో క్లచ్ జారితే పెరిగిన అశ్వశక్తి దేనికీ కొరగాదు. కనుక టార్క్ క్రమంగా పెరిగేలా, గరిష్ఠ స్థాయికి ఒక మెట్టు దిగువనే ఆపమని కోరాలి.

ఎయిర్ ఫిల్టరు విషయంలోనూ జాగ్రత్త వహించాలి. గాలి ఎక్కువ పోనిచ్చే కొన్ని ఫిల్టర్లు దుమ్మును కూడా ఎక్కువ పోనిస్తాయి. బళ్లారి ప్రాంతపు నల్లరేగడి దారులకు కంపెనీ పేపర్ ఫిల్టరే క్షేమం.

చట్టం ఏమంటుంది?

రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతున్నది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించేందుకు 2019 సవరణ వీలు కల్పించింది. ట్యూన్ చేసిన సంగతి తెలియజేయకపోతే బీమా సంస్థ క్లెయిమ్‌ను వివాదం చేయవచ్చు. వారంటీ కూడా పోవచ్చు. పొగను శుభ్రపరిచే ఈజీఆర్, డీపీఎఫ్ భాగాలను తీసివేద్దామనే సలహాకు ససేమిరా ఒప్పుకోరాదు.

కారు అప్పగించే ముందు

క్లచ్, ఇంజెక్టర్లు, టర్బో గొట్టాలు సక్రమంగా ఉన్నాయో లేదో మీ మెకానిక్ చేత చూపించాలి. అసలు ఫైలు కాపీని చేతికి ఇస్తారా అని అడగాలి. ట్యూన్‌కు ముందు, తరువాత డైనో రీడింగులు ఒకే రోజు తీయించాలి. మీరు నిత్యం పోయించే బంకు ఇంధనంతోనే పని చేయించాలి. పూర్తి బరువుతో ఎత్తు ఎక్కించి పొగ చూడాలి. ఆ తరువాత ఇంజన్ ఆయిల్‌ను గడువు కంటే ముందే మార్చుతుండాలి. సర్వీస్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే ట్యూన్ చెరిగిపోవచ్చునని గుర్తుంచుకోవాలి.

ఈ ప్రశ్నలకు సూటిగా సమాధానమివ్వని చోట కారు తాళాలు ఇవ్వకుండా తిరిగి రావడమే మంచిది. ఇంటికి ఒక్కటే కారు ఉన్నప్పుడు, వారంటీ గడువు మిగిలి ఉన్నప్పుడు, కంపెనీ ఇచ్చిన ట్యూన్‌నే ఉంచుకోవడం అన్నింటికంటే చౌకైన, క్షేమమైన ఎంపిక.