కరెంటు బిల్లు తగ్గింది.. శ్లాబు కారుతోంది!

పలకల కోసం వేసే రంధ్రాలతో ఇళ్లకు ముప్పు

పలాస: డాబా మీద సోలార్ పలకలు. కింద నడవలో ప్లాస్టిక్ బకెట్టు. పలకలు కరెంటు బిల్లు తగ్గిస్తుంటే, బకెట్టు శ్లాబు నుంచి రాలే చుక్కలు పడుతోంది. ఈ ప్రాంతంలో ఒక ఇంట్లో కనిపించిన దృశ్యమిది. పలకల కాళ్లు నిలబెట్టడానికి శ్లాబుకు పదహారు రంధ్రాలు వేశారు. బోల్టులు బిగించి, పైన కాస్త సిమెంటు రాసి వెళ్లిపోయారు. రెండో వానాకాలానికే నీరు దారి చేసుకుంది.

2024లో కేంద్రం ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం ప్రారంభించింది. 3 కిలోవాట్లకు రూ.78 వేల రాయితీ ప్రకటించింది. రాయితీ గురించి అందరూ అడుగుతున్నారు. రంధ్రాల గురించి అడిగేవారే కరవు.

గాలికి భయం.. వానకు భయం

రంధ్రాలు లేకుండా బరువులు పెట్టి వదిలేస్తే సరిపోదా? ఈ తీరంలో చాలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లకు మించి గాలులు వీచాయి. అంతటి గాలికి పలక తెరచాప అవుతుంది. గట్టిగా బిగించక తప్పదు. బిగిస్తే శ్లాబు కారకూడదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఇళ్ల శ్లాబు మందం సాధారణంగా నాలుగైదు అంగుళాలే. అందులో మూడు అంగుళాలు తొలిస్తే మిగిలేదెంత? నీరు దిగితే లోపలి ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది. కాంక్రీటును పగలగొడుతుంది. పెచ్చులూడటం అలాగే మొదలవుతుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఈ జబ్బు మరీ త్వరగా ముదురుతుంది. పలకలు పాతికేళ్లు ఉంటాయి. తర్వాత మరమ్మతు చేయాలంటే వాటిని విప్పాల్సిందే.

పని ఇలా జరగాలి

శ్లాబు పైభాగాన్ని గరుకు చేసి, కడిగి, కాంక్రీటు దిమ్మలు పోసుకోవడం మేలు. బోల్టులను దిమ్మలోనే నాటాలి. దిమ్మలు దూలాలపైన వచ్చేలా చూడాలి. వాటి బరువెంత ఉండాలో, శ్లాబుకు ఎలా కట్టాలో ఇంజినీరును అడగాలి. దిమ్మ మొదట్లో మూల గుండ్రంగా వచ్చేలా సిమెంటు పెట్టి, నీరు దిగని పూతను దిమ్మ పక్కల మీదికీ ఎక్కించాలి. వాననీరు గొట్టం వైపు పోయే దారికి దిమ్మ అడ్డురాకూడదు.

రంధ్రం తప్పనిసరైతే లోపలి దుమ్మంతా ఊదేయాలి. తడి ఉండగా పని చేయకూడదు. ఒట్టి సిమెంటు పూస్తే గాలికీ ఎండకూ కాళ్లు కదిలినప్పుడు పగుళ్లిస్తుంది. సాగే గుణమున్న సీలెంటు నింపి, ప్లేటు కింద రబ్బరు వేసి బిగించాలి. సున్నపు గచ్చు వేసిన పాత మిద్దెలకు డ్రిల్లింగు మిషను తాకించకపోవడమే మంచిది.

జీడిపప్పు షెడ్ల వంటి రేకుల కప్పులకు రంధ్రం గట్టు మీదే వేయాలి. పల్లంలో వేస్తే నీరంతా అక్కడికే చేరుతుంది. స్క్రూకు రబ్బరు వాషరు ఉండాలి. అది నలిగిపోయేలా బిగించకూడదు.

నీళ్లు నిలిపి చూడాలి

పలకలు ఎక్కించక ముందే గొట్టాలు మూసి, డాబాపై రెండు అంగుళాల నీరు ఒక రోజు నిలపాలి. కింద చెమ్మ కనిపిస్తే అప్పుడే సరిచేయవచ్చు. ఖర్చు కొద్దిపాటిదే. శ్లాబు కారితే బాధ్యత ఎవరిదో ఒప్పందంలో రాయించుకున్నాకే సొమ్ము చెల్లించడం మంచిది.

తనిఖీకి వచ్చినప్పుడు మీటరు, వైర్లతో పాటు బోల్టుల మొదళ్లను కూడా చూడాలని, ఈ తుపానుల కాలానికి ముందే అధికారులు శ్రద్ధ వహించాలని పలువురు కోరుతున్నారు.