కొయ్య యింటికి కవచము

సనత్‌నగరమునందలి తల్లిదండ్రులు పలువురు నేడు అమెరికా పోయి వచ్చుచున్నారు. పొరుగున అమీర్‌పేటలో కంప్యూటరు విద్య నేర్చిన పిల్లలు అచ్చట ఉద్యోగములు చేయుచు ఇండ్లు కొనుచుండుటయే ఇందుకు కారణము. అట్లు వెళ్లిన పెద్దలను కలవరపరచు దృశ్యమొకటి కలదు. కట్టుచున్న యింటికి ఇటుక లేదు, రాయి లేదు. నిలువుగా నిలిపిన సన్నని కొయ్యలు, వానిపై మేకులతో కొట్టిన పలుచని పలకలు మాత్రమే. “ఇంత ధనము పోసినది ఈ చెక్కపెట్టెకా? గాలివాన వచ్చిన నిలుచునా?” అని వారు దిగులుపడుదురు. ఆ దిగులునకు సమాధానము ఆ పలకయందే కలదని మా మనవి.

పటము కట్టు చట్టమును తీసికొనుడు. నాలుగు పుల్లలను మూలలయం దొక్కొక్క మేకుతో కలిపి ప్రక్కకు నెట్టిన ఒరిగిపోవును. వెనుక ఒక అట్టను నలువైపుల బిగించిన ఒరగదు. కొయ్య గోడయు నిట్టిదే. నిలువు కొయ్యలు కప్పు బరువును మోయును; గాలి ప్రక్కనుండి త్రోసినపుడు గోడ ఒరగకుండ కాచునది పలక. ప్లైవుడ్డు రాకపూర్వము బల్లలను ఏటవాలుగా కొట్టి ఈ ప్రయోజనమునే సాధించెడివారు.

పలక సాధారణముగా 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉండును. కొయ్యల నడుమ ఎడము తరచుగా 16 అంగుళములు. రెండు పలకలు కలియు నిలువు అంచు కొయ్యమీదికే రావలెను. అంచుల వెంబడి 6 అంగుళముల కొకటి, నడుమ 12 అంగుళముల కొకటి మేకు కొట్టుట వాడుక. గాలి తీవ్రముగా వీచు సీమలలో ఇంకను దగ్గరగా కొట్టుదురు. మేకు తల పలకను చీల్చుకొని లోనికి దిగినచో పట్టు తగ్గును. పలకల నడుమ అంగుళములో 8వ వంతు సందు విడువవలెను. తడి తగిలిన కొయ్య ఉబ్బును గదా! సందు లేనిచో పలక పొంగును.

గాలి ఒకనాటి శత్రువు, తడి నిత్యశత్రువు. అందుచే పలకపై నీరు చొరని కాగితమును పరతురు. దానిని క్రిందినుండి మొదలిడి, పై వరుస క్రింది వరుసను కప్పునట్లు, మన పెంకుటింటి పెంకులవలె పరువవలెను. ఈ వరుస తారుమారైన, వాననీరు లోనికి జారి పలకను కుళ్లబెట్టును. పైహంగులు పూర్తియైన పిదప ఆ దోషము చాలకాలము కంటబడదు. కావున ఇల్లు కట్టుచుండగనే పరీక్షించుట మేలు.

ఈ నీతి సనత్‌నగరమునకు క్రొత్త గాదు. 1940ల నాడే అచ్చట సిమెంటు రేకుల పరిశ్రమ వెలసినది. “చార్మినార్” రేకులు దేశమంతట ప్రసిద్ధికెక్కినవి. నేర్పుగల మేస్త్రీ గాలివాటునకు ఎదుటి కొసనుండి రేకులు పరచుట మొదలిడును. అప్పుడు అతుకులలోనికి వాన జల్లు చొరదు.

అయితే ఒక హెచ్చరిక. పాత సిమెంటు రేకులలో ఆస్బెస్టాస్ నార యుండును. ఆ నార ఏ రకమైనను కాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది. ఆ పరిశ్రమల కార్మికుల ఆరోగ్యపు వివరములను 40 ఏండ్లపాటు భద్రపరుపవలెనని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించినది. కనుక పెరటి పాకమీది పాత రేకును రంపముతో కోయరాదు, విరుగగొట్టరాదు, దాని దుమ్మును పొడిగా ఊడ్వరాదు. తీయక తప్పనిచో బాగుగ తడిపి, తెలిసినవారిచేత ముక్కలు కాకుండ దింపింపవలెను. ఇంటిని కాచు కవచము ఇంటివారి ఊపిరికి చేటు తేరాదు గదా!