హీల్స్: కుటుంబం వెళ్లిపోయినా నిలిచిన దుకాణం

లండన్‌లో పెరుగుతున్న మన పిల్లల్లో చాలామందికి టాటెన్‌హమ్ కోర్ట్ రోడ్డులోని హీల్స్ అంటే ఖరీదైన సోఫాలు అమ్మే చోటు, అంతే. ధర చీటీ చూడగానే పెద్దవాళ్లు మారుమాట లేకుండా బయటికి నడిచే దుకాణం. అయితే రెండు వందల ఏళ్లు దాటిన ఆ వ్యాపారాన్ని చూస్తే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: కుటుంబ వ్యాపారాన్ని తరతరాలు నిలబెట్టేది ఏది? రక్తసంబంధమే అని మనవాళ్లలో గట్టి నమ్మకం. తండ్రి కూర్చున్న గల్లాపెట్టె దగ్గర కొడుకు కూర్చుంటే వ్యాపారం నిలిచినట్టే అనుకుంటాం. హీల్స్ చరిత్ర ఆ నమ్మకాన్ని బలపరచదు. ఆ కుటుంబం తన పేరును ఒక పనితీరుకూ, ఆ పనితీరును వీధిలోకి తెచ్చి నిలబెట్టిన ఒక భవనానికీ ముడివేసింది. అందుకే తమ చేయి దాటిపోయాక కూడా దుకాణం బతికిందని నా వాదన.

మొదలు చాలా చిన్నది. 1810లో జాన్ హారిస్ హీల్ పెట్టుకున్నది ఫర్నిచర్ కొట్టు కాదు, పరుపుల్లో నింపే ఈకలను బాగుచేసే పని. మన ఊళ్లలో దూదేకేవాళ్ల పని లాంటిదే, దూది బదులు పక్షి ఈకలు. ఈకల నుంచి పరుపులు, పరుపుల నుంచి మంచాలు, తర్వాత పడకగదికి కావలసిన సామానంతా వచ్చి చేరాయి. 1833లో ఆయన పోతే భార్య ఫానీ వ్యాపారం చేతిలోకి తీసుకుని, కొడుకును పక్కన పెట్టుకుని నడిపింది. కొంతకాలం దుకాణం ఆమె పేరుతోనే సాగింది. వారసత్వమంటే తండ్రి నుంచి కొడుక్కే అని లెక్కలు వేసేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది. 1840లో ఇప్పుడున్న చోటికి మారారు. డికెన్స్ నవలలు నెలనెలా విడి భాగాలుగా వచ్చిన రోజుల్లో ఆ పుస్తకాల్లో హీల్స్ మంచాల ప్రకటనలు ఉండేవి. మద్రాసు వదిలివచ్చిన సి.పి. బ్రౌన్ 1865లో తెలుగు ఆచార్యుడైన యూనివర్సిటీ కాలేజీ కూడా ఆ చుట్టుపక్కలే, గోవర్ స్ట్రీట్‌లో ఉంది. అప్పటికే హీల్స్ ఆ పేటలో పాతకాపు.

అసలు మలుపు 1893లో చేరిన ఆంబ్రోస్ హీల్‌తో వచ్చింది. ఈయన కుర్చీలో కూర్చునే ముందు వడ్రంగం నేర్చుకున్నవాడు. నగిషీలతో బరువెక్కిన విక్టోరియా కాలపు సామాను మధ్య సాదా ఓక్ మంచాలు, బీరువాలు గీసి చేయించాడు. సొంత దుకాణంలో అమ్మేవాళ్లే వాటిని చూసి జైలు సామాను అని పెదవి విరిచారని చెబుతారు. ఆయన వెనక్కి తగ్గలేదు. తన బంధువైన సెసిల్ బ్రూయర్ చేత కొత్త భవనానికి నమూనా వేయించాడు. 1912లో మొదలైన ఆ పని మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ముగిసింది. ఉక్కు చట్రం, పైన పోర్ట్‌లాండ్ రాయి. అద్దాలను వీధి నుంచి వెనక్కి జరిపి, ముందు స్తంభాల వరుస పెట్టారు. వానలో కూడా దారిన పోయేవాళ్లు తడవకుండా నిలబడి చూడొచ్చు. ముఖభాగం మీది ఫలకాల్లో ఆ వ్యాపారానికి సంబంధించిన చేతిపనుల గుర్తులున్నాయి. లోపల మెలికలు తిరిగే మెట్లు, ఆ మెట్ల దగ్గర ఒక కంచు పిల్లి. దాన్ని ఎంత డబ్బిచ్చినా అమ్మరు. పై అంతస్తులోని మాన్సార్డ్ గ్యాలరీలో 1919లో పికాసో, మతీస్, మొడిల్యానీల చిత్రాలు పెట్టారు. 1930ల చివర వాస్తుశిల్పి ఎడ్వర్డ్ మౌఫ్ భవనాన్ని పెంచినప్పుడు పాత ముఖానికి కొత్తది అతికినట్టు కనబడకుండా అదే వరుసను కొనసాగించాడు. వ్యాపారికి భవనమంటే అద్దె లెక్క మాత్రమే అయితే ఇంత శ్రద్ధ పుట్టదు.

దీనికి రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది, ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా కదా అని. కొంతవరకు నిజమే. చిన్న ఇళ్లకు సరిపడే చవక సామాను కూడా ఆంబ్రోస్ చేయించాడు గానీ, హీల్స్ ఎన్నడూ కూలివాడి దుకాణం కాలేదు. అయినా నగిషీ లేని చెక్కకు గౌరవం తెచ్చిన ఫలితం ఆ గోడల మధ్యే ఆగిపోలేదు. 1915లో డిజైన్ అండ్ ఇండస్ట్రీస్ అసోసియేషన్ పెట్టినవాళ్లలో ఆయన ఒకడు. యంత్రం మీద చేసే వస్తువు కూడా బాగుండాలన్నది వాళ్ల పట్టు. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: 1983లో హీల్స్‌ను టెరెన్స్ కాన్రన్ సంస్థ కొనేసింది, తర్వాత మళ్లీ చేతులు మారింది, ఇక కుటుంబ దుకాణం ఎక్కడిది అని. ఈ అభ్యంతరమే నా వాదనకు సాక్ష్యం. కొత్త యజమానులు పేరునూ చోటునూ వదులుకోలేకపోయారు, ఎందుకంటే కొన్నదాంట్లో విలువైనవి అవే.

ఇక్కడ మన విశాఖపట్నం గుర్తుకు రావాలి. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి పనివాళ్లు చెక్క మీద ఏనుగు దంతం తాపి, అందులో గీతలు చెక్కి లక్క నింపి చేసిన పెట్టెలూ కుర్చీలూ నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. హీల్స్ పాత రికార్డులు కూడా ఆ మ్యూజియం వారి భండారంలోనే ఉన్నాయి. హీల్స్‌కు ఏ కుర్చీ ఎవరు గీశారో చెప్పే కాగితం ఉంది. విశాఖ పనితనానికి ఊరి పేరు మిగిలింది, చేసినవాళ్ల పేర్లు దాదాపు మిగల్లేదు. పనితనంలో తేడా వల్ల కాదిది. ఒకరికి సొంత గుమ్మం, బోర్డు, లెక్కల పుస్తకం ఉన్నాయి. మరొకరి సరుకు కొన్నవాడి ఓడెక్కి వెళ్లిపోయింది. ఆంబ్రోస్‌కు ఈ తేడా తెలుసు. పాతకాలపు లండన్ వర్తకుల చీటీలు సేకరించి 1925లో వాటి మీద పుస్తకం వేశాడు, 1953లో లండన్ ఫర్నిచర్ పనివాళ్ల మీద మరొకటి. ఆయన సేకరణ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. హీల్స్ భవనానికి నేడు చట్టరక్షణ ఉంది, అనుమతి లేకుండా ఆ స్తంభాలనూ మెట్లనూ మార్చకూడదు. లోపల మంచాలే అమ్మాలని మాత్రం ఏ చట్టమూ చెప్పదు. అది కొనేవాళ్ల చేతిలో ఉంది.